క్లైమాక్స్ వాన

అక్టోబరు 1, 2025, బుధవారం

ఎడిటింగుకు మళ్లీ ఒక తాగుబోతు సినిమా వచ్చింది. ఇది పన్నెండోది. పెళ్లిళ్లు లేని రోజుల్లో నా స్టూడియోకు దేవుడు పంపేది ఇవే.

తూప్రాన్ నుంచి డేనియల్ అనే ప్రసంగీకుడు తెచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. వాక్యం ఆయనే చెప్తాడు, కథ ఆయనే రాస్తాడు, కెమెరా కూడా ఆయనే పట్టుకుంటాడు. మూడూ ఒకేలా ఉంటాయి. నా భార్య బాలలక్ష్మి వెళ్లే ప్రార్థన సహవాసం వాళ్లు తీయించారట. పేరు ఇంకా పెట్టలేదు. ఏం పెట్టినా అందులో 'కన్నీరు' ఉండి తీరుతుంది. ఇరవై ఆరో తారీకు ఆదివారం సాయంత్రం వాళ్ల హాల్లోనే మొదటి ప్రదర్శన.

మెమరీ కార్డు ఇస్తూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, ఇది మీరే చెయ్యాలె. వేరేటోళ్ల చేతిల పెట్టబుద్ధి కాలే. మీ అసుంటోళ్లను చూస్తేనే మాకు విశ్వాసం పెరుగుతది."

మెదక్‌లో నా అంత శుభ్రంగా కట్ చేసేవాడు లేడని తూప్రాన్ దాకా పాకిందన్నమాట. సంతోషం.

అక్టోబరు 2, గురువారం

దసరా, గాంధీ జయంతి ఒకే రోజు. వైన్స్ బంద్. నిన్ననే తెచ్చి పెట్టుకున్నాను. తాగుబోతుకు ముందుచూపు ఉండదు. కాబట్టి నేను తాగుబోతును కాను.

అక్టోబరు 6, సోమవారం

మొదటి కార్డు చూశాను. ఆస్పత్రి సీన్లు, ప్రార్థన సీన్లు, క్లైమాక్సు. అంతా తెలిసిన సరుకే.

డాక్టరు గది బయటికి వస్తాడు, కళ్లజోడు తీస్తాడు, పైకి చూస్తాడు. పన్నెండు సినిమాల్లోనూ పన్నెండు మంది డాక్టర్లు కళ్లజోడు తీశారు. కళ్లజోడు లేని డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ రోగులు ఏమైపోతారో! తర్వాత తెల్లచొక్కా పాస్టరు గారు మోటారు సైకిలు మీద వస్తారు. దారిలో ఆయనకు పంక్చరు కాదు, ట్రాఫిక్ ఉండదు. చేతులుంచి ప్రార్థిస్తారు. ముప్పై ఎనిమిదో నిమిషంలో రోగి వేలు కదులుతుంది. నలభై రెండో నిమిషంలో తాగుబోతు బయటికి పరిగెత్తి మోకాళ్లూని ఏడుస్తాడు. వెంటనే వాన. ఎండాకాలం తీసిన సినిమాలో కూడా వాన. తర్వాత ఇంటిల్లిపాదీ తెల్లబట్టల్లో మా పెద్ద చర్చి వైపు నడుస్తారు, పైనుంచి డ్రోన్. శుభం.

కష్టాలకు కూడా లెక్కుంది వీళ్ల దగ్గర: తాగుడు, జబ్బు, పరీక్ష తప్పడం. అసూయతో కుళ్లిపోయే విశ్వాసి ఎక్కడా కనపడడు. ప్రార్థనలో కూర్చుని పప్పు మాడిపోతోందేమోనని ఆలోచించే మనిషి కనపడడు. అన్నిటికన్నా నాకు మండేది భార్య పాత్ర. ఆమెకు కోపమే రాదు. తన్నినా, తిట్టినా, మొగుడు నెలల తరబడి ఇంటిముఖం చూడకపోయినా కిటికీ దగ్గర కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటుంది. ఇలాంటి ఆడమనిషి మెదక్ జిల్లాలో ఎక్కడైనా ఉంటే చూపించండి, ఉచితంగా ఫోటో తీసిపెడతాను.

బాలలక్ష్మి వాళ్లమ్మ, మా అత్త ఎస్తేరమ్మ కోసం ఇదే సహవాసం వాళ్లు నలభై రోజులు ఉపవాసం ఉన్నారు. మూడేళ్ల కిందటి మాట. ఆమె పోయింది. దాని మీద ఎవడూ సినిమా తీయడు, డ్రోన్ ఎక్కడ ఎగరాలో తెలియదు కదా. ఖననం శివ్వంపేటలో జరిగింది. సరే, అదంతా ఇప్పుడెందుకు.

అక్టోబరు 9, గురువారం

పక్క షాపు టైలర్ అస్గర్ పనిమీద పని పెట్టుకుని కూర్చున్నాడు. క్లైమాక్సులో కుటుంబం వేసుకున్న తెల్లబట్టలన్నీ తనే కుట్టాడట. ఇప్పుడు ప్రదర్శన రోజు పాటలు పాడేవాళ్లకు కూడా అవే కావాలన్నారట.

"భాయ్, మీ సినిమాల మంచిగయినోళ్లంత తెల్లబట్టలే ఎందుకేస్తరు? గీ రంగు మెదక్ దుమ్ముల రెండు రోజులు ఆగదు."

"సినిమా కూడా అంతే అస్గర్. రెండు రోజులాగే మార్పే అది."

మస్తు నవ్వాడు. నేనూ నవ్వాను. స్టూడియోలో పరదాల వెనక గోడకు చెద పట్టిందని, సర్దించుకొమ్మని చెప్పాడు. అటువైపు నేను వెళ్లను. ఉన్నది అక్కడే ఉండనీ.

అక్టోబరు 13, సోమవారం

రెండో కార్డు వచ్చింది. ఇంటి సీన్లు. తాగుబోతు వేషం కట్టింది ఆటో నడిపే నర్సింగం. జన్మలో చుక్క ముట్టని మనిషి. అందుకే సీసా పట్టుకుంటే పాలసీసా పట్టుకున్నట్టుంది.

కానీ వీడు సీసాతో తాగడం లేదు. స్టీలు మంచినీళ్ల బాటిల్లో పోసుకుని తాగుతున్నాడు. ఇంటికి వెళ్లే ముందు జేబులోంచి నాలుగు లవంగాలు తీసి నోట్లో వేసుకుంటున్నాడు. భార్యతో మాట్లాడేటప్పుడు గోడమీది క్యాలెండరు వైపు చూసి మాట్లాడుతున్నాడు.

డేనియల్‌కు ఈ మాత్రం పరిశీలన ఉందనుకోలేదు.

అక్టోబరు 14

లవంగాలు అందరూ నములుతారు.

అక్టోబరు 15

లవంగాలు అందరూ నములుతారు. పంటినొప్పికి కూడా నములుతారు.

అక్టోబరు 17, శుక్రవారం

ఆటో సీను చూశాను.

సినిమాలో భార్య తల్లి ఖననం. శ్మశానం గేటు బయట ఆటో ఆగి ఉంది. లోపల పాట వినిపిస్తోంది. ఆటోలో నర్సింగం నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒళ్లో కొయ్య సిలువ, రెండు చేతులతో వాటేసుకున్నాడు. శవపేటిక లోపలికి పోతుంది. జనం ఒక్కొక్కరే పిడికెడు మన్ను వేస్తారు. భార్య గేటు దాకా వచ్చి, ఆటోలోకి చూసి, వెనక్కి వెళ్లి తన పిడికెడు వేస్తుంది. వాడు లేవడు.

ఎడిటింగులో ఈ ముక్క మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. తాగుబోతు ఒళ్లో సిలువ! ఎంత బరువైన అర్థం పెట్టాడురా డైరెక్టరు, మోయలేక చచ్చాం అనుకున్నాను. రెండోసారి చూస్తుంటే చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

అది నేను. మా అత్త ఖననం రోజు. సమాధి మీద పాతే సిలువ మెదక్‌లో చేయించి, పేరు రాయించి తెమ్మని నాకు అప్పగించారు. తెచ్చాను. తూప్రాన్‌లో బస్సు దిగి, కొంచెం ఆగి, ఆటో మాట్లాడుకున్నాను. కొంచెమే ఆగాను. లేచేసరికి గుంట పూడ్చేశారు, జనం వెళ్లిపోయారు. బాలలక్ష్మి ఆటో పక్కన నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదని మూడేళ్లుగా అనుకుంటున్నాను.

సిలువను మళ్లీ ఆటోలోనే వెనక్కి తెచ్చాను. పరదాల వెనక ఉంది.

ఆమె గేటు దాకా వచ్చి చూసి వెళ్లిందని నాకు తెలియదు. సినిమాలో చూసి తెలుసుకున్నాను.

అక్టోబరు 18, శనివారం

అస్గర్‌ను అడిగాను. నేను తాగుతానని నీకు తెలుసా అని.

మిషను ఆపి నా ముఖం చూశాడు. "ఏం భాయ్, మజాక్ చేస్తున్నవా? లవంగాల వాసనొస్తే గల్లీ మొత్తానికి ఎర్కయితది, జయానందం ఏసుకున్నడని. వాసన రాకుంటేనే, పెయ్యి బాగుందో లేదో అని పరేషాన్ అయితం."

ఇన్నేళ్లూ నేను దాచింది నా ఒక్కడి దగ్గరే.

అక్టోబరు 20, సోమవారం

ఊరంతా దీపావళి టపాకాయలు. మేమిద్దరం ఇంట్లో. అడిగేశాను.

"నా బతుకును సినిమా తీయమని ఇచ్చినవా వాళ్లకు?"

అంగన్‌వాడీ నుంచి తెచ్చిన రిజిస్టర్లు రాసుకుంటోంది. కలం మూత పెట్టి పక్కన పెట్టింది.

"నేను ఇయ్యలే. సాక్ష్యం చెప్పిన. ఎవరో ఫోన్ల తీసిన్రు. డేనియల్ బ్రదర్ అది చూసి కథ రాసుకున్నడు."

"ఏమని చెప్పినవ్?"

"ఆటో సంగతి, లవంగాల సంగతి అన్ని చెప్పి, ఇప్పుడు నా పెనిమిటి తాగుడు బంద్ చేసిండు, దేవునికి స్తోత్రం అని చెప్పిన."

నా దగ్గర అప్పుడు కూడా వాసన వస్తూనే ఉండి ఉంటుంది. లవంగాలది.

వాళ్ల సహవాసంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనకు జవాబు వచ్చేదాకా ఆగరు. వచ్చేసినట్టే లేచి నిలబడి, ముందే స్తుతి చెల్లిస్తారు. మోకాలి నొప్పి తగ్గకముందే తగ్గిందంటారు. పిల్లకు ఉద్యోగం రాకముందే స్వీట్లు పంచుతారు. విశ్వాస సాక్ష్యం అని పేరు. విన్న ఆడవాళ్లందరికీ అసలు సంగతి తెలుసు. ఆమెన్ అంటారు, ఇంటికి వెళ్లి దానికోసం ఇంకా గట్టిగా మోకరిస్తారు. తూప్రాన్ డేనియల్‌కు ఈ పద్ధతి తెలియదు. నిజంగానే జరిగిపోయిందనుకున్నాడు. అందుకే నా చేతులు పట్టుకున్నాడు. మీ అసుంటోళ్లు అన్నాడు. నేనేమో నా ఎడిటింగు ప్రతిభ అనుకుని మురిసిపోయాను.

"మరి ఆయన సినిమా తీస్తుంటే ఎందుకు చెప్పలే, ఇది జరగలేదని?"

"గది మన కథ అని షూటింగ్ అయిపోయినంక ఎర్కయింది నాకు. చెప్దామని రెండుసార్లు పోయిన. పోయినప్పుడల్లా ఇంకొన్ని దినాలు చూద్దాం, నిజమైతదేమో అనిపించేది. తిరిగొచ్చిన."

నేను నవ్వాను. చెడ్డ నవ్వే. "మీ సినిమాల భార్యకు కోపం రాదు. కొవ్వొత్తి ముట్టిచ్చుకుని కూసుంటది. నువ్వు కూడ గట్లనే కూసున్నవన్నమాట."

అప్పుడు చూసింది నా వైపు.

"సినిమాల ఆమె ఏడుస్తున్నది. నేను ఏడ్వలే. ఆటోల నిన్ను చూసి, వీడు గిట్లనే లేవకుంట పోవాలె దేవా అని మొక్కిన. మా అమ్మ గుంటల మన్నేసుకుంట మొక్కిన. ఇంటికొచ్చినంక భయమైంది, గా మొక్కు ఆయన ఇన్నడేమో అని. దినాం భయమే. నువ్వు రావుడు జర ఆలస్యమైతే భయం. గా ప్రార్థనను కొట్టేసెతందుకు ఇంకోటి చేసిన. గదే సాక్ష్యం. ఇదంత బ్రదర్‌కు చెప్పలే. చెప్తే తీస్తడా?"

తీయడు. డ్రోన్ ఎక్కడ ఎగరాలి?

రిజిస్టరు మళ్లీ తెరిచింది. నాకు ఒక్కసారిగా ఆమె అంటే భయం వేసింది. తర్వాత సిగ్గు వేసింది. తర్వాత, రాయకూడదు గానీ, దాహం వేసింది.

అక్టోబరు 22, బుధవారం

డేనియల్ ఫోను. సినిమా అయిపోగానే మా ఇద్దరినీ స్టేజీ మీదికి పిలుస్తాడట. "అన్నా, రెండు ముక్కలు చెప్పుండ్రి చాలు. ఎన్ని నెలలైందో చెప్పుండ్రి. అందరూ ఏడ్వాలె."

ఎన్ని నెలలు! ఉదయం తాగి అయిదు గంటలైంది.

అక్టోబరు 23

నేను వెళ్లి మానేశానని చెప్తే అబద్ధం. వెళ్లకపోతే అబద్ధం ఆమెది అవుతుంది. పన్నెండేళ్లుగా ఆ సహవాసంలో స్త్రీల గుంపును నడిపిస్తున్న మనిషి. వాళ్ల ఆడవాళ్లు అర్థం చేసుకుంటారు. కానీ ఆ రోజు తూప్రాన్ నుంచి, శివ్వంపేట నుంచి కూడా జనం వస్తున్నారు. మొగుడు పూటుగా తాగుతుంటే మానేశాడని చెప్పి సినిమా తీయించుకుందట అని ఊరూరా అనుకుంటారు.

ఆమెకు చెప్పాను, మానేశానని చెప్పేస్తాలే అని. ఏం పోయింది, రెండు ముక్కలే కదా అన్నాను.

"నువ్వు చెప్పకు," అంది. "లేనిది నేనొక్కదాన్ని చెప్పిన, చాలు. ఆదివారం నేనే లేసి జరగలేదని ఒప్పుకుంట. నువ్వు సినిమా ఏసి ఇంటికి పో."

అక్టోబరు 25, శనివారం

ఎడిటింగు పూర్తయింది. క్లైమాక్సు అరవై సార్లు చూశాను. ట్యాంకరు పైపుతో పోసిన వాన. నర్సింగం మోకాళ్ల మీద కూర్చుని ఆకాశం వైపు చేతులు చాచాడు. నీళ్లు ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది, అది ఏడుపులా కుదిరింది. వాణ్ని చూస్తుంటే అసహ్యం. ఎంత సులువుగా మారిపోయాడు! నలభై రెండో నిమిషంలో.

ఇంత అసహ్యం నటన మీదే అయితే బాగుండేది.

నిన్న తాగాను. ఈరోజు కూడా.

అక్టోబరు 26, ఆదివారం

హాలు నిండింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. అస్గర్ కూడా వచ్చి చివర నిలబడ్డాడు, తన తెల్లబట్టలు చూసుకోవడానికి. నేను ల్యాప్‌టాప్ దగ్గర. బాలలక్ష్మి ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది. చేతిలో రుమాలు లేదు. గమనించాను.

సినిమా నడిచింది. డాక్టరు కళ్లజోడు తీశాడు. పాస్టరు మోటారు సైకిలు దిగాడు. వెనక ఎవరో ముక్కు చీదారు. ఆటో సీను వచ్చింది. ఆమె వచ్చి, చూసి, వెనక్కి వెళ్లి, పిడికెడు మన్ను వేసింది. ఆటోలో వాడు నిద్రపోతూనే ఉన్నాడు.

అక్కడితో తెర నల్లబడింది. నేను కట్ చేసింది అక్కడికే.

డేనియల్ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఏమైంది? కరెంటు పోయిందా? క్లైమాక్స్ ఏది?"

బాలలక్ష్మి లేస్తోంది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాను. ఒక్క నిమిషం ఆగితే ఆమె ముందే చెప్పేసేది. అన్నిటికీ ఆగే అలవాటు నాది. ఈసారి ఆగలేదు. డేనియల్ చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"గా సీను ఇంకా జరగలే," అన్నాను. "ఆటోల పండుకున్నది నేనే. నిన్న సుత తాగిన. మా ఇంటామె అబద్ధం చెప్పలే. ఆమె ముందుగాల చెప్పింది. ఆలస్యం నాది."

లవంగాలు లేని నా నోటి వాసన మైకుకు తెలుస్తుందేమోనని పిచ్చి ఆలోచన వచ్చింది.

ఏమీ జరగలేదు. వాన పడలేదు. వెలుగు దిగలేదు. ఫ్యాను కిర్రుమంది. ముందు వరసలో ఒక ముసలామె పక్కామెను అడిగింది, "అయిపోయిందానే సినిమా?" అని. వెనకనుంచి నర్సింగం గొంతు: "అరే, గా వానల నేను రెండు గంటలు తడిసిన కదనే! సర్దైంది నాకు! గది ఏది?"

కొందరు నవ్వారు. బాలలక్ష్మి నవ్వలేదు, కూర్చోనూ లేదు. నిలబడి నా వైపే చూస్తోంది. ఆటో పక్కన నిలబడి చూసిన చూపు కాదు. అది ఏమిటో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

"నా సినిమా ఖరాబ్ చేసిన్రు మీరు," అన్నాడు డేనియల్, చిన్నగా. ఏడుపు గొంతు. ఆయన అనుకున్నట్టు ఒక్కరైనా ఏడ్చారు.

అక్టోబరు 27, సోమవారం

డేనియల్ కార్డులు తీసుకువెళ్లాడు. తూప్రాన్‌లో వేరేవాళ్లతో క్లైమాక్సు కలిపించి యూట్యూబులో పెడతాడట. పెట్టుకోనీ. నాకంటే ముందు నర్సింగం మారిపోతాడు, అంతే.

తాగలేదు.

అక్టోబరు 28, మంగళవారం

తుఫాను. పొద్దుటి నుంచి ఒకటే వాన. ట్యాంకరుది కాదు, అసలుది. దేవుడు రెండు రోజులు ఆలస్యంగా పంపాడు. ఆ వాన పడేటప్పుడు నేను వైన్స్ చూరు కింద నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్లాను.

జేబులో లవంగాలున్నాయి. పారేశాను. అలాగే ఇంటికి వెళ్లాను. క్యాలెండరు వైపు చూడకుండా, ఆమె ముఖం చూసి, "తాగొచ్చిన" అన్నాను.

"ఎర్కే," అంది. తువ్వాల ఇచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ఇంత ఎత్తు నుంచి విసిరికొట్టింది. నాలుగు గిన్నెలు. ఏ సినిమాలోనూ చూడలేదు ఇలాంటి భార్యను. మూడేళ్ల తర్వాత మా ఇంట్లో చప్పుడైంది.

అక్టోబరు 30

లేదు.

అక్టోబరు 31

లేదు. చేతులు వణుకుతున్నాయి. అస్గర్ చాయ్ తెప్పించాడు, గ్లాసు తనే పట్టుకున్నాడు.

నవంబరు 1, శనివారం

పరదాల వెనకనుంచి తీశాను. సిలువ కాలు చెద తిన్నది. అడుగున్నర కోసేయాల్సి వచ్చింది. అస్గర్ రంపం పట్టాడు. పేరు మాత్రం చెక్కుచెదరలేదు: ఎస్తేరమ్మ.

నవంబరు 2, ఆదివారం

సమాధుల పండుగ. శివ్వంపేట బస్సులో సిలువ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు ముందు సిలువను, తర్వాత నన్ను చూసి, కిటికీ వైపు జరిగి కూర్చొమ్మన్నాడు.

శ్మశానమంతా సున్నం వాసన, బంతిపూలు, కొవ్వొత్తులు. పేరు లేని సమాధి ఆమెదొక్కటే. మూడేళ్లుగా ప్రతి పండుగకూ బాలలక్ష్మి ఒక్కతే వచ్చి ఆ పేరులేని దిబ్బకు పూలు పెట్టి వెళ్లిందన్నమాట. నేను ఎడిటింగు పని ఉందనేవాణ్ని.

గడ్డపార ఆమె తెచ్చింది. తవ్వాను. పాతాను.

"ఏందిది, గింత పొట్టిగున్నది?" అంది.

"చెదలు తిన్నయ్."

"అమ్మ కూడా పొట్టిదే," అంది.

పిడికెడు మన్ను తీసి వేశాను. సగం నా చెప్పుల మీదే పడింది. ఇంకో పిడికెడు తీసుకున్నాను. దేవుడితో ఏం మాట్లాడాలో తెలియలేదు, అత్తతో మాట్లాడాను. ఆలస్యమైందమ్మా అన్నాను. పక్క సమాధి దగ్గర ఎవరో ఫోన్‌లో పాట పెట్టారు, నేను ఎడిట్ చేసిన సినిమాలదే, భరించలేని పాట.

తిరిగి తూప్రాన్‌కు ఆటోలో వచ్చాం. మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. రోడ్డు పక్క వైన్స్ తెరిచే ఉంది, చూశాను. పొద్దున్నుంచి తవ్వకమూ నడకా కదా, బాలలక్ష్మి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, నోరు తెరుచుకుని. ఆటో కుదుపుకు తల జారినప్పుడల్లా సర్ది పెట్టాను. ఈసారి ఆటోలో నిద్రపోయింది ఆమె. నేను తూప్రాన్ దాకా మేలుకునే ఉన్నాను.